కరాటే వచ్చు కదా, కొట్టలేదేం?

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఓ బుధవారం సాయంత్రం, షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నవాడి మోచెయ్యి వచ్చి నా పక్కటెముకల మీద ఆనింది. గతుకుల రోడ్డు కదా అనుకున్నాను. రోడ్డు బాగున్న చోటా అది అక్కడే ఉంది. అప్పటికి నేను కరాటే మొదలుపెట్టి ఆరేళ్లు. బ్యాగులో మడతపెట్టిన కరాటే డ్రెస్, దాని మీద చుట్టిన బ్రౌన్ బెల్ట్. వెళ్తున్నది కూడా క్లాసుకే. మోచేత్తో పక్కటెముకల మీద ఎలా కొట్టాలో ఆ ఆటోలో అందరికంటే నాకే బాగా తెలిసుండాలి. నేను చేసింది మాత్రం ఇది: బ్యాగుని మా ఇద్దరి మధ్యకి లాక్కున్నాను, దిగాల్సిన చోటుకి చాలా ముందే "ఇక్కడాపండి" అన్నాను, దిగిపోయాను. డ్రైవరు చిల్లర లేదన్నాడు. అయిదు రూపాయలు వదిలేసుకుని, ఆ ఉక్కలో, క్లాసుకి నడిచి వెళ్లాను. వెళ్లేసరికి వార్మప్ అయిపోయింది. ఆలస్యంగా వచ్చినందుకు ఇరవై బస్కీలు.

ఇంటికొచ్చి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతమని మా పిన్ని రెండ్రోజుల ముందే వచ్చి ఉంది. అంతా విని, "అదేటే, కరాటే వచ్చు కదా, కొట్టలేదేం?" అంది. దెప్పడానికి అన్నమాట కాదది, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆరేళ్లు నెలనెలా ఫీజు కట్టాక ఒక్క దెబ్బ కూడా బయటికి రాలేదంటే సరుకులో ఏదో లోపం ఉన్నట్టే కదా. మా తమ్ముడు నవ్వాడు. అమ్మ అప్పుడేమీ అనలేదు గానీ, రాత్రి కంచాలు తీస్తూ "గట్టిగా అరిచినా సరిపోయేదేమో" అంది. కాలేజీలో ముగ్గురు స్నేహితురాళ్లకి చెప్తే ముగ్గురూ అదే ప్రశ్న. వాడిని అందరూ వెధవ అన్నారు, కాదనను. కానీ వాడు చేసినదానికి ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. వాళ్ల ఆశ్చర్యమంతా నేను చెయ్యనిదాని గురించే.

కరాటే రాని అమ్మాయికి ఇదే జరిగుంటే "అయ్యో" అనేవాళ్లు. నాకు ఆ అయ్యో కూడా దక్కలేదు. నేర్చుకున్న విద్య నాకు అండగా నిలబడలేదు సరికదా, ఎదురు తిరిగి నా మీదే సాక్ష్యం చెప్పింది.

ఆ ప్రశ్నకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. పిన్నీ, నేను కరాటే చేసేది సరదాకి. అమ్మ ముగ్గులు పెట్టినట్టు, నాన్న ఆదివారం పేపర్లో గళ్ల నుడికట్టు నింపినట్టు. నేనూ ఆ రెండూ చేస్తాను, వాటితోపాటు ఇదొకటి. గళ్ల నుడికట్టు బాగా నింపేవాణ్ణి కరెంటాఫీసులో పని ఎందుకు జరగలేదని ఎవరూ నిలదియ్యరు.

ఇలా అంటే మా వాళ్లకి నచ్చదు. "సరదాకి" అనే మాట మన ఇళ్లలో కొంచెం తప్పుచేసినట్టు వినిపిస్తుంది, అందులోనూ ఆడపిల్ల నోట. మగపిల్లలకి క్రికెట్ ఉంది. మా తమ్ముడు రోజూ సాయంత్రం బ్యాటు పట్టుకుని పోతాడు, దానివల్ల ఏమిటి ఉపయోగమని వాణ్ణి ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను తొమ్మిదో తరగతిలో కరాటేలో చేరతానన్నప్పుడు మా మామ్మ "ఆడపిల్లకి ఈ తన్నులాటలేటి?" అంటే, నాన్న అడ్డొచ్చి "రోజులు బాలేవు కదమ్మా, ఆత్మరక్షణకి పనికొస్తుంది" అన్నాడు. దాంతో గేటు తెరుచుకుంది. నాన్న నా మేలు కోరే అన్నాడు. కానీ ఆ ఒక్క మాటతో నా సరదా మీద ఒక షరతు పడిందని నాకు ఆటోలోంచి దిగాకే తెలిసింది.

నా వారం సంగతి చెప్తే ఇందులో పోరాటం పాలు ఎంతో మీకే తెలుస్తుంది. విజయనగరంలో డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాను, సైన్సు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం అయిదున్నరకి ఒక బడి ఆవరణలో క్లాసు. సిమెంటు నేల. ఎండాకాలం అయిదున్నరకి కూడా అరికాళ్లు చురుక్కుమంటాయి, వానాకాలం నాచు పట్టి జారుతుంది. గంటన్నర క్లాసులో గంట దాకా మేం చేసేది నడక. నిజంగా నడకే. ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి, తుంటి ఎత్తు మారకుండా ఒక్కో అడుగు ముందుకి. దీన్ని జెన్‌కుత్సు దాచి అంటారు. మాస్టర్ జపాను భాషలో ఇచ్, ని, సాన్, షి అని లెక్కపెడతారు. పది అడుగులు ముందుకి, వెనక్కి తిరిగి పది. చిన్నపిల్లలు మూడో లెక్కకే పక్కవాణ్ణి గిల్లుతుంటారు. నాకు మాత్రం ఇదే ఇష్టం. నాలుగేళ్ల కిందట వచ్చిన తుంటి నొప్పి, వెనక మడమ నేలకి ఆనించడం నేర్చుకున్నాక తగ్గింది. ఆ మడమ ఆనడానికి ఏడాది పట్టింది. ఏడాదిపాటు ఒక మడమ గురించి ఆలోచించడం ఎంత బాగుంటుందో బయటివాళ్లకి ఎలా చెప్పాలో నాకు తెలీదు.

మంగళవారం ప్రాక్టికల్ రికార్డులు రాసుకుంటాను, అందులో చెప్పుకోడానికేమీ లేదు. గురువారం అమ్మ దగ్గర జాకెట్లకి హుక్సులు కుడతాను. అమ్మ ఇంట్లోనే మిషను కుడుతుంది. నా మొదటి కరాటే డ్రెస్ రెండు సైజులు పెద్దది, అదే ఉందన్నారు. అమ్మ పంట్లాం మూడంగుళాలు తగ్గించి, కాలు పైకెత్తితే పిగిలిపోకుండా రెండు కాళ్ల మధ్య డైమండ్ ఆకారంలో ఒక ముక్క వేసి కుట్టింది. తరవాత కొన్న డ్రెస్‌లో అలాంటి ముక్క కంపెనీవాళ్లే వేసి ఉన్నారు. అమ్మకి చూపించాను. లోపలి కుట్టు తిరగేసి చూసి, "ఒంటి కుట్టే వేశాడు" అని పెదవి విరిచింది. శనివారం పిన్ని వాళ్లింట్లో క్యారమ్స్, అక్కడ నేను ఎవరికీ అందను. ఆదివారం నాన్నతో గళ్ల నుడికట్టు.

ఓ ఆదివారం "పొద్దుపుచ్చడం, నాలుగక్షరాలు" అని ఆధారం వచ్చింది. నేను చెప్పేలోపే నాన్న కాలక్షేపం అని నింపేశాడు. నింపేశాక, ఇప్పుడు ఈ మాటకి విలువ లేదు గానీ ఒకప్పుడు మన ఊళ్లో రాజుగారి సభల్లో కూర్చున్న మాట ఇది అన్నాడు. నిజమే. హరికథా కాలక్షేపం అనేవారు కదా. ఆదిభట్ల నారాయణదాసు గారు మా ఊరివాడనే చెప్పుకుంటాం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, గంటల తరబడి కథ. దాన్ని జనం కాలక్షేపం అన్నారు, తక్కువచేసి కాదు. అదే మాట ఇప్పుడు "కాలక్షేపానికి చేస్తున్నావా, సీరియస్‌గానా?" అనే ప్రశ్నలో వచ్చి ఇరుక్కుంది. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం మాకు ట్రైనింగ్ ఇస్తున్న ఒకాయన, హాబీల దగ్గర కరాటే అని రాస్తే దానివల్ల ఏం నేర్చుకున్నారని అడుగుతారు, క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం అని చెప్పండి అన్నారు. మడమ ఆనించడం నేర్చుకున్నానండీ అని చెప్తే ఉద్యోగం ఇవ్వరు కాబోలు.

కరాటే అంటే యుద్ధవిద్య, దాన్ని క్యారమ్స్ పక్కన పెడతావేంటి అనేవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు. ముఖ్యంగా బెల్ట్ విషయంలో. బ్లాక్ బెల్ట్ అనగానే జనానికి ఏదో కత్తిలాంటిది కనిపిస్తుంది. దాని పుట్టుక చూస్తే నాకు భలే నవ్వొస్తుంది. బెల్టుల వెనక ఉన్న దాన్ అనే స్థాయిలు కరాటేవి కావు, జూడో నుంచి వచ్చాయి. జూడోని 1882లో మొదలుపెట్టిన జిగోరో కానో అనే ఆయన వాటిని 'గో' అనే బల్లమీది ఆట నుంచి తెచ్చుకున్నారు. నల్లరాళ్లు, తెల్లరాళ్లు పెట్టి కూర్చుని ఆడే ఆట అది. ఎవరు ఎంత ఆటగాడో చెప్పడానికి ఆ ఆటలో పెట్టుకున్న మెట్లు ఇవి. అంటే లోకమంతా భయపడే బ్లాక్ బెల్ట్ మూలం నేను శనివారం ఆడే క్యారమ్స్‌కి దూరపు చుట్టమే.

ఇంకొకటి. మేం నేర్చుకునే పద్ధతి పేరు షోటోకాన్. ఒకినావా దీవి నుంచి 1922లో టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించిన గిచిన్ ఫునకోషీ దీనికి ఆద్యుడు. వృత్తి బడిపంతులు. కవిత్వం రాసేవాడు, కలంపేరు షోటో. పైన్ చెట్లలో గాలి కదిలినప్పుడు వచ్చే చప్పుడని దాని అర్థం. ఆయన కోసం శిష్యులు హాలు కట్టినప్పుడు గుమ్మం మీద ఆ కలంపేరే రాయించారు. షోటోకాన్, అంటే షోటో గారి హాలు. ఇవాళ దేశదేశాల్లో పిల్లలు పిడికిళ్లు బిగించే పద్ధతికి ఒక పంతులుగారి సాయంత్రం వ్యాపకం పేరు పెట్టుకున్నారన్నమాట. ఆయన కంటే ముందు ఇతోసు అనే మరో గురువు ఒకినావా బళ్లలో పిల్లల కోసం అయిదు కటాలు కూర్చాడు. కటా అంటే ఎదుటి మనిషి లేకుండా వరసగా చేసే కదలికల కూర్పు. వాటిని మేం ఇప్పుడు హెయాన్ అంటాం. హెయాన్ అంటే శాంతి. డ్రిల్లు పిరియడ్ కోసం పుట్టినవి అవి.

ఇదంతా చెప్పి, కరాటేలో దెబ్బ లేదని నేననడం లేదు. ఉంది. బుధవారం కుమితే, అంటే ఇద్దరం ఎదురెదురుగా నిలబడి చేసేది. పోయిన నెలలో నాకంటే రెండేళ్లు చిన్నమ్మాయి తన్నిన తన్ను నా మోచేతికి తగిలి చిటికెనవేలు దాకా జివ్వుమంది, వారం రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను. కానీ ఆ అమ్మాయి తన్నుతుందని నాకు తెలుసు, నేను కొడతానని ఆమెకి తెలుసు. మొదలుపెట్టేముందు ఇద్దరం వంగి దణ్ణం పెట్టుకున్నాం. ఆటోలో పక్కవాడు దణ్ణం పెట్టి మొదలుపెట్టడు. వాడు చేస్తున్నది నిజమా, నా భ్రమా అని తేల్చుకోడానికే నాకు అయిదు నిమిషాలు పట్టింది. అందరి ముందూ అరిస్తే "మోచెయ్యేగా తల్లీ, ఇరుకు కదా" అంటారేమోనని ఇంకో రెండు నిమిషాలు. నా చెయ్యి ఆగింది బలం లేక కాదు, ఆ ఏడు నిమిషాల లెక్కల్లో. కరాటేలో ఆ లెక్కలకి కటా లేదు.

ఇక్కడ నా స్నేహితురాలొకామె నాకు గట్టిగా అడ్డుపడింది. ఆత్మరక్షణ శిక్షణ పనిచేస్తుందని రుజువుంది, ఊరికే కొట్టిపారెయ్యకు అని కెనడా అధ్యయనం ఒకటి పంపింది. చదివాను. 2015లో అచ్చయింది. మూడు విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మొదటి సంవత్సరం అమ్మాయిల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి 12 గంటల శిక్షణ, రెండో గుంపుకి కరపత్రాలు. ఏడాది తరవాత లెక్క చూస్తే అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ ఉన్న గుంపులో 5.2 శాతం, లేని గుంపులో 9.8 శాతం. పెద్ద తేడానే. నేను ఓడిపోయాననుకున్నాను. ఆ 12 గంటల్లో ఏం చెప్పారో చదివాక మళ్లీ కూర్చున్నాను. కొట్టడం, విడిపించుకోవడం అందులో ఓ భాగమే. ఎక్కువసేపు మాటలు. తెలిసినవాడే మెల్లగా హద్దు దాటుతున్నప్పుడు ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక "పాపం ఏమనుకుంటాడో" అనే మొహమాటాన్ని ఎలా దాటాలి, నీకేం కావాలో ఏం వద్దో ముందు నీకు నువ్వు ఎలా తెలుసుకోవాలి. అంటే నా ఏడు నిమిషాల మీదే వాళ్లు పనిచేశారు. అది వేరే సబ్జెక్టు. ఆ సబ్జెక్టు ఎవరైనా మా కాలేజీలో చెప్తే మొదటి బెంచీలో కూర్చుంటాను. దాన్ని కరాటే పేరుతో అమ్మడమే నాకు కిట్టదు.

మన దగ్గర ఏం అమ్ముతున్నారో చూశాను కూడా. 2012లో ఢిల్లీ ఘటన తరవాత అమ్మాయిలకి ఆత్మరక్షణ అనేది ఊరూరా వినిపించింది. ప్రభుత్వ బళ్లలో 6 నుంచి 12 తరగతుల అమ్మాయిలకి మూడు నెలల శిక్షణ పథకం ఉంది. ఓ బడిలో దానికి మా మాస్టర్‌కి సాయంగా నేను వెళ్లాను. మూడు నెలలంటే చేతులు కాళ్లు ఎటు పోతున్నాయో తెలిసేలోపు అయిపోతుంది. ఆఖరి రోజు ప్రదర్శన, పెంకులు పగలగొట్టడం, ఫొటోలు. పెంకులు ఎండబెట్టి తెస్తారు. చెయ్యెత్తి తిన్నగా దించితే ఎవరికైనా పగులుతాయి, ఇందులో మా వృత్తి రహస్యమేమీ లేదు. పిల్లల ముఖాలు మాత్రం వెలిగిపోయాయి, నేను కాదనను. ఆ వెలుగు కోసమైతే ఏడాదంతా నేర్పొచ్చు.

అక్కడ నాకు గుర్తుండిపోయింది వేరే. రోజూ ఆ గంటలో మగపిల్లలు ప్రహరీ పక్కన చేరి మమ్మల్ని చూస్తూ మేం చేసిందల్లా చేసేవాళ్లు. వెక్కిరిస్తున్నారనుకుని మొదట్లో కసిరాను. రెండో వారం ఏడో తరగతి కుర్రాడొకడు దగ్గరికొచ్చి, "అక్కా, మాక్కూడా నేర్పండక్కా" అన్నాడు. లేదమ్మా, ఇది అమ్మాయిలకే అన్నాను. "ఏం, మాకు పనికిరాదా?" అన్నాడు. జవాబు దొరక్క మాస్టర్ వైపు చూశాను, ఆయన వాచీ చూసుకున్నారు. వాడికి అది సరదాగా కనిపించింది, అడిగాడు. ఆ సరదా వాడికి లేదన్నాం. అవతల ముప్ఫై మంది అమ్మాయిలకి అదే సరదా జాగ్రత్తగా, హెచ్చరికగా వడ్డించాం. ముప్ఫై మందికీ మేం చెప్పకుండానే చెప్పిందేమిటంటే, మీకేదో జరుగుతుంది, అప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి అని. మగపిల్లలకి ఏదైనా చెప్పాల్సి ఉంటే దాన్ని చెప్పే పిరియడ్ ఆ బడిలో లేదు.

పోయిన తరం బలశాలుల్ని తలుచుకుంటే కూడా నాకు ఇదే తడుతుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు మా వైపు ఇప్పటికీ కథల్లో మనిషే. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంచేవారని, గుండె మీద ఏనుగుని నిలబెట్టుకునేవారని మామ్మ చెప్పేది. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఏనుగు నుంచి ఆత్మరక్షణ కోసమా అని ఆయన్ని ఎవరూ అడిగుండరు. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా జరుగుతుంది, వీధుల్లో కర్రలూ కత్తులూ తిప్పుకుంటూ ఊరేగుతారు. ఎవరి మీదకి అంటే ఎవరి మీదకీ కాదు. పండగ, అంతే. మగవాళ్ల సాముకి పండగ చాలు. ఆడపిల్ల సాముకి భయం ఉండాలి.

నిజం చెప్పాలంటే సరదా అనే మాట అందరికీ అందుబాటులో ఉండదు. మా ఊరికి దగ్గర్లోనే కొండవెలగాడ ఉంది, వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరమ్మాయే. అక్కడ బరువెత్తడం ఉద్యోగం దారి, కుటుంబం గట్టెక్కే దారి. ఆ పిల్లల దగ్గరికెళ్లి సరదాకి ఎత్తండమ్మా అంటే నవ్వుతారు, తిట్టినా తప్పులేదు. మా నాన్నకి జీతం వస్తుంది, అమ్మ మిషను నడుస్తుంది, అందుకే నేనీ మాట అనగలుగుతున్నాను. పైగా కరాటేకి ఆ దారి కూడా ఇరుకే. టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్కసారి పెట్టారు, 2024 పారిస్ నాటికి తీసేశారు. నాకేమీ బాధలేదు. మా క్లాసులో జిల్లా పోటీల సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు మాత్రం సగం మంది తగ్గారు, చోటు విశాలంగా ఉంది.

నాతోపాటు తొమ్మిదో తరగతి వేసవిలో చేరినవాళ్లు పదకొండు మంది అమ్మాయిలు. ఆ వేసవిలో టీవీలో ఏదో కేసు నెల రోజులు నడిచింది, తల్లులు తీసుకొచ్చి చేర్పించారు. బడి తెరిచేసరికి ఆరుగురు, దసరాకి ముగ్గురు, టెన్త్‌కి నేను. టీవీలో కేసు అయిపోయింది, వాళ్ల అవసరమూ అయిపోయింది. నేను మిగలడానికి ధైర్యం కారణం కాదు. హెయాన్ షోదాన్ కారణం.

అది మొదటి కటా. 21 కదలికలు. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చి ఆగాలి. నేను ఆగేదాన్ని కాదు. ప్రతిసారీ మూరెడు కుడికి తేలేదాన్ని. ఎల్లో బెల్ట్ వచ్చింది, గ్రీన్ వచ్చింది, బ్రౌన్ వచ్చింది, 42 కదలికల బస్సాయ్ దాయ్ నేర్చుకున్నాను, మొదటి కటాలో మూరెడు తేడా అలాగే ఉంది. పరీక్షల్లో ఎవరూ పట్టించుకోలేదు, మా మాస్టర్ తప్ప. పోయినేడు బ్లాక్ బెల్ట్ పరీక్షలో పట్టించుకున్నారు. పరీక్ష తీసుకున్న పెద్దాయన నేను నిలబడిన చోటు నుంచి మొదలైన చోటుకి తన చెప్పుతో గీత గీసి, ఏమీ మాట్లాడకుండా తరవాతివాళ్లని పిలిచారు. తప్పాను. ఫీజు తిరిగివ్వరు.

ఆ మర్నాడు మేడ మీద ముగ్గుపిండితో కటా మొత్తం గీశాను. ముగ్గుకి పెట్టినట్టే ముందు చుక్కలు, అడుగుకో చుక్క. మొదట మధ్య గీత, రెండు చివర్లా అడ్డగీతలు, ఇంగ్లీషు ఐ అక్షరంలాగ. చుక్కల మీద మెల్లగా నడిచాను. తల మీదికొచ్చే దెబ్బని చేత్తో అడ్డుకునే కదలిక మూడోసారి చేశాక ఎడమ కాలు వెనకనుంచి తిప్పి, మనిషి మొత్తం ముప్పావు చుట్టు తిరగాల్సిన మలుపు ఒకటుంది. కాలు పడిన చోట పిండి చెదిరింది, చుక్క జానెడు అవతల ఉంది. ఆరేళ్లు ఆ జానెడు దొంగతనం చేస్తున్నది నా ఎడమ కాలు. దొరికింది. ఇంకో పది సార్లు తిరిగాను, పదిసార్లూ అక్కడే పడింది, కాలికి అలవాటైపోయింది మరి. ఈలోగా మామ్మ వడియాలు చూసుకోడానికి పైకొచ్చి, నేలంతా చూసి, "ఈ ముగ్గు ఏ పండక్కే?" అంది. చెప్పాను. అర్థమైనట్టే ఉంది. తన ముగ్గులో చుక్క తప్పితే ఏం చేస్తుందో చెప్పింది: తప్పిన చుక్క దగ్గర దిద్దకూడదట, ఒక వరస వెనక్కి వెళ్లి అక్కణ్ణుంచి చూడాలట. సరే చూద్దామని మలుపు వదిలేసి దానికి ముందు అడుగు చూశాను. అక్కడే నా బరువు బొటనవేలి మీదికి పోతోంది, మడమ లేస్తోంది. మడమ నేలకి దించి తిరిగితే కాలు చుక్క మీద పడింది. డెబ్భై ఆరేళ్ల మామ్మ, మోకాళ్లు వంచకుండా నడుము దగ్గర వంగి, చెదిరిన పిండిని నా కోసం చిటికెతో సరిచేసి కిందికి వెళ్లింది. అలా వంగడం మా క్లాసులో ఒక్కరికీ రాదు.

ఆటో సంగతి మర్చిపోలేదు. మొన్నెప్పుడో మళ్లీ అలాంటిదే జరిగితే ఈసారి "కాస్త జరగండి" అని అందరికీ వినిపించేలా అన్నాను. జరిగాడు. అది కరాటే అనుకోను. ఏడాదిపాటు నమిలిన కోపం అది. పిన్నికి చెప్తే "చూశావా, నీ కరాటే పనికొచ్చింది" అంది. వాదించలేదు, ఆవిడ క్యారమ్ బోర్డు మీద పౌడరు జల్లుతోంది, స్ట్రైకరు నా చేతిలో ఉంది.

పోయిన సోమవారం ఒకావిడ ఎనిమిదేళ్ల పాపని తీసుకొచ్చింది. మాస్టర్ ఇంకా రాలేదు, నన్నే అడిగింది. ఆరు నెలల్లో తనని తాను కాపాడుకోగలుగుతుందా అని. పాప అప్పటికే తల్లి చెయ్యి వదిలించుకుని, వరసలో నడుస్తున్న పిల్లల వెనక చేరి, రెండు పిడికిళ్లూ బిగించి తనూ నడుస్తోంది, చెప్పులతోనే.

"తెలీదండీ" అన్నాను. "సోమ, బుధ, శుక్రవారాలు అయిదున్నరకి. నీళ్ల సీసా పంపండి. చెప్పులు గేటు దగ్గరే విప్పమనండి."